స్పాంజి రాళ్లు

మా నాన్నను కాల్చి చంపిన మిల్లు గేటు దగ్గరే నా చేతికి స్పాంజి రాయి ఇచ్చారు. బూడిదరంగు పూసిన స్పాంజి. నొక్కితే అణిగి, వదిలితే లేస్తుంది.

టీవీ వాళ్లు దేశచరిత్ర తీస్తున్నారు. అందులో మా మిల్లు కాల్పులు ఒక భాగం. మగ్గాల షెడ్డు వాళ్లంతా జనం వేషాలకు రావాలని, రానివాళ్లు ఇక పనికీ రానక్కర్లేదని మేనేజరు చెప్పాడు. నూలు వడికే షెడ్డు మాత్రం లోపల నడుస్తూనే ఉంది. పోలీసు వేషాలకు నిజం పోలీసులే వచ్చారు. తుపాకుల్లో గుండ్లు లేవన్నారు. ఎవరు చూడొచ్చారు?

"ముందు మీరు రాళ్లు విసరాలి. తర్వాతే వాళ్లు కాలుస్తారు," అన్నాడు డైరెక్టరు.

"రాళ్లెవరు విసిరారు బాబూ?" అంది మా మేనత్త. ఆ రోజు నాన్న పక్కనే ఉన్న మనిషి.

డైరెక్టరు పాత ఫొటో చూపించాడు. అందులో జనమంతా కిందికి వంగి ఉన్నారు. "రాళ్లు ఏరుకుంటున్నారు, కనబడట్లేదా?"

"కూర్చుంటున్నాం," అంది అత్త.

"తుపాకుల ముందు ఎవరన్నా కూర్చుంటారామ్మా?" అని నవ్వాడు. ఇది చదువుతున్న విద్యార్థులారా, మీ పాఠ్యపుస్తకంలోనూ అదే ఫొటో ఉంది.

రిహార్సల్లో తుపాకీ పేలింది. ఉత్త పొగే. అయినా నా పక్కన నూలు కండెలు చుట్టే అమ్మాయి స్పృహతప్పి పడిపోయింది. ఆమె పడగానే ఎవరూ చెప్పకుండానే మేమంతా ఎక్కడివాళ్లం అక్కడ కూర్చున్నాం.

అది షెడ్డులో మాకు మొదట నేర్పే పాఠం. ఆ మోతలో కేక వినబడదు. ఎవరి చెయ్యయినా మగ్గంలో ఇరుక్కుంటే చూసినవాళ్లు కూర్చుంటారు, వాళ్లను చూసి మిగతావాళ్లు కూర్చుంటారు. తలలు మాయం కాగానే మెయిన్ స్విచ్ దగ్గరి మనిషి కరెంటు ఆపేస్తాడు.

"కట్. ఎవరు కూర్చోమన్నారు మిమ్మల్ని?" అని డైరెక్టరు అరిచాడు.

వెనక వరసల్లో ఇంకా సగం వంగే ఉన్న మావాళ్లను చూశాను. అచ్చం ఆ ఫొటోనే.

కండెల అమ్మాయి తేరుకునేదాకా విరామమిచ్చారు. నీళ్ల ట్యాంకు వెనక గుసగుసగా వాదులాట మొదలైంది.

"విసిరేద్దాం. స్పాంజే కదా," అన్నాడు మగ్గాలకు పడుగు పోగులు అతికేవాడు.

"స్పాంజి అని టీవీలో కనబడుద్దా?"

"పనిపోతే పిల్లలకేం పెడతావు?"

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది మా పని. అప్పుడు అత్త నా మొహం చూసి చెప్పింది. "మీ నాన్న పడ్డాడు తల్లీ. ఎవరో ఒకరు స్విచ్ ఆపుతారని మేమంతా కూర్చున్నాం. ఎవరూ ఆపలేదు. కూర్చున్నవాళ్ల మీదే కాల్చారు."

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. భయం మాత్రం ఎవరికీ పోలేదు.

"యాక్షన్" అన్నారు. రాళ్లు కింద పెట్టేసి కూర్చున్నాం. డైరెక్టరు అరిచాడు, మేనేజరు పేర్లు పెట్టి బెదిరించాడు. చివరికి ఇన్‌స్పెక్టరు "లేపండి వీళ్లని" అన్నాడు. లాఠీలు స్పాంజివి కావు. ముందు అత్తను ఈడ్చారు. నాకు ఏడుపొచ్చింది, లేచి పారిపోవాలనిపించింది. కాళ్లు కదల్లేదు. పక్కనున్న కండెల అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

లాఠీ నా భుజం మీద పడిన క్షణంలో, పొద్దుట్నుంచి చెవుల్లో మోగుతున్న లోపలి యంత్రాల హోరు చప్పున ఆగిపోయింది. లాఠీ ఎత్తినవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. నూలు షెడ్డు కిటికీల నిండా మొహాలు. ఈసారి ఎవరో స్విచ్ ఆపారు.

గేటు తెరుచుకుంది. లోపలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా వెనక కూర్చోసాగారు.