నలభై అని రాసిన బంగారు చొక్కా

నేను ఒక నలభై ఆంపియర్ల వీరుణ్ణి. బొటనవేలంత ఉంటాను గాని, ఒంటి మీద బంగారు చొక్కా, దాని మీద ఎర్రగా నలభై అనే అంకె. బ్యాటరీల వంశంలో నా ముందు నిలబడే మగాడు లేడు. కావాలంటే చొక్కా చదువుకోండి.

చదివారా? నమ్మారా? అదే మీ మనుషుల జబ్బు!

నేను పుట్టింది లాప్‌టాప్ కోసం. అక్కడ తోటివాళ్ళతో కలిసి, పెద్ద కష్టం తెలియకుండా కాలం గడిపాను. అది ముసలిదై తుక్కులో పడితే, ఎవడో పుణ్యాత్ముడు నన్ను ఏరి, పాత తొక్క ఒలిచి, ఈ బంగారు తొక్క తొడిగి, వేడిగాలి కొట్టి ఒంటికి బిగించాడు. లోపలి బలం ఎప్పటిలాగే ఐదు ఆంపియర్లు. మా పరిమాణంలో అసలైన మొనగాళ్ళే నిలకడగా ఇరవై, ముప్పై దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం చొక్కా మార్చగానే నలభై!

అలా గురవయ్య చేతికొచ్చాను. ఆయన పల్నాడులో పశువుల సంతలన్నిటికీ పెద్ద తలకాయ. ముసలి ఎద్దుకు కొమ్ములు చెక్కి, నూనె రాసి కోడె అని నిలబెడితే, పళ్ళు చూసి, మెడ తడిమి, నాలుగడుగులు నడిపించి గుట్టు బయటపెట్టేవాడు. ఆయన దగ్గుకు భయపడి చుట్ట మానేసి, సెల్‌ఫోను కవర్లమ్మే కొట్లో దొంగచాటుగా, బ్యాటరీతో ఆవిరి పొగ పీల్చే వేప్ గొట్టం ఒకటి కొన్నాడు. నిషేధించిన సరుకుకు రసీదెక్కడిది, అడిగే దిక్కెక్కడిది? “బ్యాటరీలన్నిట్లో పెద్దది ఏదబ్బాయ్?” అని మాత్రం అడిగాడు. కొట్టువాడు నా చొక్కా చూపించాడు. పళ్ళు లేవు, మెడ లేదు, నడక లేదు. బేరం అయిపోయింది!

అయ్యా, ఎద్దుల భాషలోనే చెబుతాను, వినండి. ఎద్దు ఎంతసేపు దున్నుతుందన్నది ఒక లెక్క. ఎంత బరువు లాగుతుందన్నది వేరే లెక్క. ఆ బరువులోనూ, బండలాగుడు పందెంలో ఊపిరి బిగబట్టి లాగింది వేరు, పొద్దస్తమానం కాడి కింద లాగేది వేరు. మా చొక్కాల మీద చాలాసార్లు పందెం అంకే వేస్తారు. మీరు చూడాల్సింది కాడి అంకె. ఆ గొట్టంలోని తీగకు ఓమ్‌లు ఎంత తగ్గితే నా మీద అంత భారం. నా నాలుగు వోల్టులను తీగ ఓమ్‌లతో భాగించండి, చిన్నబడి భాగహారమే. గురవయ్య తీగ సున్నా పాయింటు రెండు. అంటే ఇరవై ఆంపియర్లు. ఐదు మోసేవాడి నెత్తిన ఇరవై! నా గోడు ఎవరికి పట్టింది?

ఆ గొట్టంతోనే సంతకు వెళ్ళాడు. దళారి మస్తాన్ వలీ ఎదురొచ్చాడు.

“ఏంది మావా, రైలింజను లాగా పొగొదుల్తన్నావ్?”

“నలబై ఆంపియర్లురా అల్లుడా! ఏవనుకున్నావ్?”

“ఆంపియరంటే ఏంది మావా?”

“ఏందో... నలబై!”

ఆ నలభై నాకు నిప్పుల గుండమైంది. గొట్టం చెయ్యి కాల్చేసరికి ఆయన నన్ను గోటితో పీకి, “కాసేపు సల్లబడవే,” అంటూ పంచె మడతలో మొలలో దోపుకున్నాడు. గోరు తగిలి నా చొక్కా మెడ దగ్గర చిరిగింది. నా తల ప్లస్సు, మిగతా ఒళ్ళంతా మైనస్సు. మధ్యన అడ్డం ఆ పలచటి చొక్కానే. ఆయన మొలకేమో వెండి మొలతాడు. చిరుగు మీదుగా అది నా తలనూ ఒంటినీ ఒకేసారి తాకింది. ఇంకేముంది, నాలో ఉన్నదంతా ఆ వెండిలోకి దూకింది.

సరిగ్గా అప్పుడే మస్తాన్ వలీతో తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకునే బేరం మొదలైంది. చెయ్యి పెట్టినవాడు బేరం తెగేదాకా తియ్యకూడదు. సంత మర్యాద! నడుము కాలుతున్నా పెద్దమనిషి మర్యాద వదల్లేదు.

“ఏళ్ళు ఒణుకుతన్నయ్యేంది మావా?”

“ఏం లే... ఎండ.”

“ఐదేళ్ళూ నొక్కావు! ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకునేదేందిరా, మొల కాలిపోతందిరో నాయనో!”

మస్తాన్ వలీ బేరం వదిలేసి ఆయన పంచె లాగి, నన్ను తువ్వాలుతో పట్టి పశువుల నీళ్ళతొట్టిలోకి విసిరాడు. తాటిచెట్టంత మంట లేచింది! ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. నడిసంతలో చారల డ్రాయరుతో గురవయ్య! ఇంకాస్త ఆలస్యమైతే తొడ పోయేది. నడుము మీద మొలతాడు అచ్చుతోనే బయటపడ్డాడు.

నేను చల్లారాక తొట్టిలోంచి తీయించి, తిప్పితిప్పి చూశాడు. నా రెండు కొసలా లాప్‌టాప్‌లో పట్టీలు అతికించి పీకిన మచ్చలున్నాయి, ముసలెద్దు మెడ మీది కాడి కాయల్లాగా. అవి చొక్కా కప్పని చోటే, మొదటి రోజు నుంచీ కంటికెదురుగానే ఉన్నాయి.

“నీకే ముసలెద్దును అంటగట్టారు గదా మావా!” అన్నాడు మస్తాన్ వలీ. గురవయ్య గొట్టాన్నీ తొట్టిలోకి విసిరేశాడు.

ఇప్పుడు నేను ఆయన కొట్టంలో ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉంటున్నాను. ఎద్దుల్ని కొనబోయేవాళ్ళు సలహాకు వస్తే దూరం నుంచే నన్ను చూపించి, “మెడ తడిమి చూడండి,” అంటాడు. నడుము మాత్రం చూపించడు.

అన్నట్టు, తాటిచెట్టంత మంట లేచిందన్నానే, అది నా కల్పన. బుస్సుమని కాస్త పొగ వచ్చిందంతే. పలుపు తెంపుకున్న ఎద్దు ఒక్కటీ లేదు. అయినా మీరు నమ్మారు. పెద్ద కొలత చెప్పాను కదా, ఎవరు కొలిచారు?