పెదవి చెప్పని గీటు

గెన్‌జో కింది పెదవికి ఆ రేవులో ఒక పదవి ఉంది. ఎవరూ ఓటేసి ఇచ్చింది కాదు. ట్యూనా గాలానికి కట్టే ఫ్లోరోకార్బన్ తంగూసును ముప్ఫై ఏళ్లుగా మూరమూరా ఆ పెదవి మీదుగా లాగి, ఎక్కడ గీటు పడింది, ఎక్కడ నలిగింది, ఇంకో చేపకు ఆగుతుందా, పారెయ్యాలా అని తీర్పు చెప్పి సంపాదించుకున్నది. చలికి వేళ్లు కొయ్యబారతాయి. కళ్లకా, నీళ్లలో కలిసిపోయే ఆ తీగ సరిగా ఆననే ఆనదు. పెదవి మాత్రం వెంట్రుకవాసి గీటును కూడా చేపముల్లు గుచ్చినట్టు పట్టేస్తుంది. పక్క పడవల వాళ్లు సైతం తమ తంగూసు చుట్టలు పట్టుకొచ్చి, "అన్నా, ఒక్కసారి ముద్దుపెట్టి చెప్పు" అని నిలబడేవాళ్లు.

డిసెంబరు నెలాఖరున, అన్ని రోజులూ ఉండగా ఆ రోజే, ఆ పెదవి సెలవు పెట్టింది.

తప్పు పెదవిది కాదు, పన్నుది. సర్కారు పన్ను కడితే గాని వదలదు, నోట్లో పన్ను పీకితే గాని వదలదు. ముందు రోజు రేడియోలో పెనుగాలి అన్నారు కాబట్టి, ఎలాగూ వేట ఉండదని పొద్దున్నే పళ్ల డాక్టరు దగ్గర కుర్చీ ఎక్కాడు. సూది పడింది, పన్ను ఊడింది, గాలి పడిపోయింది. దవడలో దూదితో కిటికీలోంచి చూస్తే పడవలు ఒక్కొక్కటే రేవు దాటుతున్నాయి. డాక్టరు మందులు రాస్తుండగానే మెట్లు దిగేశాడు.

పరుగెత్తక ఏం చేస్తాడు? నలభై రెండు రోజులుగా వాళ్ల పడవకు ఒక్క చేప పడలేదు. పడవ మీద ఉండేది ఇద్దరే, తనూ, భార్య ఫుసయె. ఆమె అన్న కాన్‌కిచికి పట్నంలో చేపముద్ద ఉడికించే ఫ్యాక్టరీ ఉంది. ఈ ఏడాది ముగిసేలోగా చేప పడకపోతే పడవ అమ్మేసి, కొత్త సంవత్సరం ఆరో తేదీన ఆ ఫ్యాక్టరీలో రబ్బరు బూట్లు తొడుక్కుంటానని గెన్‌జో బావమరిదికి మాట ఇచ్చాడు. రేపటి నుంచి పండగ, పడవలన్నీ రేవుకు కట్టేస్తారు. మూడింటికల్లా గాలి మళ్లీ లేస్తుందని రేడియో. అంటే చేతిలో ఉన్నది మూడు గంటలు, నోట్లో ఉన్నది మొద్దు పెదవి.

మొన్న ఒక ట్యూనా ఎర అందుకుని, కాసేపు ఈడ్చి, గాలం ఉమ్మేసి పోయింది. అది ఈడ్చిన తంగూసే ఇప్పటికీ గాలానికి ఉంది. ఫుసయె చుక్కాని పట్టుకుని ఉండగా గెన్‌జో ఆ పన్నెండు బారలనూ పెదవి మీదుగా లాగాడు.

"పట్టులా ఉంది," అన్నాడు. "పట్టంటే పట్టు. ఎక్కడా గీటు లేదు."

మత్తులో ఉన్నవాడికి అన్నీ మెత్తనే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ, కాసేపట్లో మత్తు దిగుతుందిలే, ఈలోపు వేట సమయం పోకూడదని ఎర కట్టి వదిలాడు. ఒప్పుకోవడం ఎలా? డాక్టరు ఒక పన్నే పీకాడు, ఒప్పుకుంటే పరువు కూడా ఊడుతుంది.

ఫుసయె ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. తాగాడు. సగం లోపలికి, సగం గడ్డం మీదుగా కాలర్లోకి.

"టీ కారుతోంది."

"కారనీ."

"కాలడం లేదూ?"

"చల్లారిపోయిందిగా."

కప్పులోంచి ఆవిరి పొగలు కక్కుతోంది. ఫుసయె కప్పును చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇందాక నువ్వు ముడి దగ్గర ఆగలేదు," అంది.

"ఏ ముడి?"

"తంగూసు మధ్యలో అతుకు ముడి. ముప్ఫై ఏళ్లుగా అక్కడ పెదవికి తగిలి ఒక్క క్షణం ఆగుతావు. ఇవాళ దాని మీంచి రోడ్డు మీద సైకిల్లా పోయావు."

గెన్‌జో సముద్రం వైపు తిరిగాడు. పక్షులు గుంపుగా దిగుతున్నాయి, వాటి కింద నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. రేడియోలో పక్క పడవ యొహెయ్ గొంతు వినిపించింది: "గెన్‌జో అన్నా, చేపల మంద నీ వైపే వస్తోంది. బూట్లు కొనుక్కున్నావా, ఇంకా లేదా?"

"పైకి లాగు," అంది ఫుసయె.

"ఇప్పుడా? మంద నెత్తి మీదికి వస్తుంటే ఎర పైకి లాగమంటావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"నా మతి ఉందిలే. నీ పెదవి ఉందా?"

"ఉంది."

"అయితే దాన్నుంచి రక్తం ఎందుకు కారుతోంది?"

చేతితొడుగుతో తుడుచుకుని చూశాడు. ఎర్రగా ఉంది. మాట మాటకీ తన పెదవిని తనే కొరుక్కుంటున్నాడు, చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకో పడవ మీద ఎవరో కేక పెట్టారు, వాళ్లకు చేప తగిలింది. గెన్‌జో తంగూసు పైకి లాగడం మొదలుపెట్టాడు.

దాన్ని ఫుసయె అందుకుంది. ఇన్నేళ్లలో ఆమె ఎన్ని చేపలు కోసిందో లెక్కలేదు గాని తంగూసుకు పెదవి ఆనించింది లేదు. ఆ పదవి మొగుడిది. ఇప్పుడు కళ్లు మూసుకుని మెల్లగా లాగింది. ముడి దగ్గర ఆగింది. దాటింది. గాలానికి రెండు బారల ఎడంలో మళ్లీ ఆగింది. వెనక్కి లాగింది, ముందుకు లాగింది.

"ఇక్కడ."

గెన్‌జో చూశాడు, కనపడలేదు. ఆ చోట బొటనవేలి గోరు మీద వంచి నొక్కితే తెల్లని గాటొకటి నోరు తెరిచింది. ఈ గాటుతో చేప తగిలుంటే మొదటి ఈడ్పుకే తీగ తెగేది, దాంతో పాటే ఆశ తెగేది.

"ఇంకా రెండు చోట్ల గరుకుంది," అంది. "మొత్తం మార్చాలి. ఆ డబ్బా తియ్యి."

"ఏ డబ్బా?"

"నాలుగేళ్లుగా దాచుకుంటున్న ఆ మహాలక్ష్మి."

ఆ డబ్బాలోని కొత్త తంగూసు చుట్ట కొన్నప్పుడు ఫుసయె మూడు రోజులు మాట్లాడలేదు. అంత ఖరీదు. గెన్‌జో మాత్రం వెల ఎక్కువని దాన్ని వెలికే తియ్యలేదు. ఏటేటా అట్టపెట్టె దుమ్ము దులపడం, 'ఇంకా పెద్ద చేపకు' అనుకుని అరలో పెట్టడం. ఇప్పుడు దుమ్మైనా దులపకుండా తీశాడు.

"నాలుగేళ్లు పాతది. ఆగుతుందా?" అంది ఫుసయె.

"నైలాన్ అయితే నీళ్లు తాగి మెత్తబడి చచ్చేది. ఇది చుక్క తాగదు, నా బావమరిదిలా కాదు. ఎండకీ లొంగదు. దీనికి చావు గీటులోనే ఉంది."

"అవన్నీ డబ్బా మీద రాసిన మాటలు. ఇటివ్వు."

ఆమె లాగి చూసింది. మొదట్లోనే ఆగింది. చుట్ట అంచున, కొసను దోపిన గాడిలో నాలుగేళ్లుగా నలిగిన చోటు. "మొదటి బార కొయ్యి."

"బారా? జానెడు చాలదూ?"

"బార."

గెన్‌జో వేలు కోసుకున్నట్టే కోశాడు. పన్నెండు బారలు కొలిచి గాలానికి ముడివేశాడు. ఇలాంటి తంగూసు ముడిని పొడిగా బిగిస్తే రాపిడి వేడికి అక్కడే చెడుతుంది, ఉమ్ముతో తడపాలి. తడికి మాత్రం ఆ పూట కొదవ లేదు, అడక్కుండానే చొంగ ధారగా కారుతోంది. ఆ నోటి వల్ల ఆ రోజు జరిగిన ఏకైక ఉపకారం అదే.

ఎర మళ్లీ నీళ్లలో పడేసరికి పక్షులు లేవు. నీళ్లు చల్లబడిన పులుసులా ఊరుకున్నాయి. ఫుసయె గడియారం చూడలేదు, చూస్తే అతను చూస్తాడని. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. పడమటి నుంచి సన్నగా గాలి మొదలైంది.

తీగ ఒక్కసారి బిగిసింది. ఆ వెంటనే, తంగూసుకు కట్టి బుట్టలో చుట్టిపెట్టిన తాడు పామై లేచింది.

"తిప్పు," అన్నాడు గెన్‌జో. అప్పటికే తిప్పుతోంది ఫుసయె.

అరగంట అది ఈడ్చింది, వీళ్లు ఈడ్చారు. తొడుగుల్లో అతని అరచేతులు మండాయి. చేప కిందికి దిగి, ఉన్నట్టుండి పడవ అడుగు కిందికే దూరింది. తంగూసు పడవ అడుగును రాసుకుంటూ కీచుమంది. ఆ శబ్దం అతని కాలి వేళ్లదాకా పాకింది. తెగుతుంది అనుకున్నాడు. ఫుసయె పడవను పక్కకు నెట్టింది. కీచుమంటూనే ఉంది. ఇంకా తెగలేదు. చుక్కాని పూర్తిగా తిప్పింది. కీచు ఆగింది.

తీగ చేతిలో బరువుగా, బతికే ఉంది.

చేపకు షాకు కొట్టే కరెంటు రింగును తంగూసు వెంట జార్చారు. ఒక్క కుదుపు, తర్వాత నిశ్శబ్దం. పక్కకు తేలిన చేప ఫుసయె కంటే పొడవు, గెన్‌జో కంటే బరువు, ఇద్దరి కంటే మొండిది.

రేవుకు మళ్లేసరికి గాలి గట్టిగానే లేచింది. గెన్‌జో పెదవికి తెలివి వచ్చింది. వచ్చీ రావడంతోనే తాను కొరికిన గాట్లన్నీ వరుసపెట్టి అప్పజెప్పింది. మూలుగుతూ కూర్చున్నాడు. ఫుసయె వాడిన తంగూసును పెదవి మీదుగా లాగి చూస్తోంది.

"ఒక మూర నిండా రంపంలా ఉంది," అంది. "అయినా ఆగింది."

"చూశావా. అందుకే అంత ఖరీదు. ఆ మూర తీసేసి మిగతాది దాచు."

"మిగతాది ఇంత లాగుడికి సాగింది. ఇంకో చేపకు నేను ఒప్పుకోను." కత్తెర తీసి టకటకా కోసేసింది. అతను కళ్లు మూసుకున్నాడు గాని చెయ్యి అడ్డం పెట్టలేదు.

జేబులో ఆమె ఫోను మోగింది. కాన్‌కిచి.

"బావ బూట్ల సైజెంత?"

"వాటిని నువ్వే తొడుక్కో అన్నయ్యా. మేం చేప దించుకోవాలి."

రేవులో తాడు అందుకున్నవాడు యొహెయ్. చేపను తల నుంచి తోకదాకా కళ్లతో కొలిచాడు. తర్వాత అలవాటు కొద్దీ జేబులోంచి తన తంగూసు చుట్ట తీశాడు.

"అన్నా, పండగ తర్వాతకి ఇది ఆగుతుందా? ఒక్కసారి..."

గెన్‌జో పెదవి వంకాయంత వాచింది. మాట్లాడలేక చుట్ట అందుకుని, వెనక్కి తిరిగి భార్య చేతిలో పెట్టాడు.