ఫోటోలో పదహారో మనిషి

మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ కోలాటం బృందంలో అందరికీ రమామణి మీద జాలి పుట్టుకొచ్చింది. ఆమెకేమో జాలి అంటే గిట్టదు. తిరుపతిలో ఇరవై ఏళ్ళుగా ఆ బృందాన్ని నడుపుతున్నది ఆమే. కోల ఎట్లా పట్టుకోవాలో తెలియని ఆడవాళ్ళను తిట్టి, బతిమాలి, మళ్ళీ తిట్టి దారికి తెచ్చింది ఆమే. అలాంటి మనిషికి సాధన జరిగే కల్యాణమండపంలో గోడ పక్కన కుర్చీ వేసి, "నువ్వు కూచోని చూడక్కా" అంటే ఒళ్ళు మండదా?

పైగా ఆ మాట అన్నది దేవకమ్మ. ఇరవై ఏళ్ళుగా రమామణికి ఎదురుగా నిలబడి కోలకు కోల కలిపిన జోడీ. అక్కడితో ఊరుకోలేదు.

"ఈ తూరికి నీ తావులో మీ కోడలు శ్రీవేదను పెట్టుకుందామక్కా. కాలు నెమ్మదించినాక నువ్వే వద్దువులే."

"చూద్దాంలే" అంది రమామణి. ఒకసారి పేరు మారితే ఆ తావు మళ్ళీ దొరకదని ఆమెకు తెలుసు. ఎంతమందినో తనే అట్లా మార్చింది.

అదే వారం ఫోటో గొడవ వచ్చిపడింది. శ్రీకాళహస్తి దగ్గర ఒక గుడి ఉత్సవాలకు కోలాటం బృందాలను ఎంచుతున్నారు. ఆడుతుండగా తీసిన ఫోటో పంపాలట, వరసగా నిలబడి తీయించుకున్నది పనికిరాదట. ముందటేడు ఎవరో పట్టుచీరలు కట్టుకుని బ్రహ్మాండంగా నిలబడి ఫోటో పంపి, తీరా వీధిలోకి వచ్చాక ఒకరి కోల ఒకరి నెత్తికి తగిలించారని వాళ్ళ భయం.

సెల్‌ఫోన్లలో కెమెరాలు ఇంకా పేరుకే ఉన్న రోజులవి. రమామణి భర్త శేషసాయి కాశీయాత్రకని కొన్న చిన్న డిజిటల్ కెమెరాను బీరువాలోంచి తీసి, తువ్వాలు విప్పి కోడలి చేతిలో పెట్టాడు. శ్రీవేద కెమెరా ఎత్తింది. అంతే, ఆడుతున్నవాళ్ళంతా టక్కున ఆగి, పైటలు సర్దుకుని, నవ్వుతూ నిలబడిపోయారు. ఫోటో అంటే కదలకూడదని చిన్నప్పుడు వాళ్ళకు నూరిపోసిన పాఠం అది.

"పెండ్లికూతురి పక్కన నిలబడినట్టు నిలబడతారేందే! ఆడండి!" అని గోడ పక్కనుంచి రమామణి కేకేసింది.

ఆడారు. ఫ్లాష్ వెలిగితే ముందున్న ఇద్దరి మొహాలు పిండి పూసినట్టు తెల్లబడ్డాయి, వెనకవాళ్ళు చీకట్లో కలిసిపోయారు. ఫ్లాష్ ఆపేస్తే మనుషులంతా అలికేసినట్టు వచ్చారు. దూరం నుంచి జూమ్ చేసి లాగితే ఇంకా చీకటి, ఇంకా వణుకు.

"ఈ బుల్లి కెమెరాతో అయ్యే పని కాదు రమా. స్టూడియో గిరిప్రసాద్‌ను పిలిపిస్తాను" అన్నాడు శేషసాయి.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండాది మీ మాట. ఇట్ట తెండి" అని రమామణి కెమెరా లాక్కుంది.

ఇంటికి పోయి కోడలి చేత చప్పట్లు కొట్టించి ఫోటోలు తీసింది. చేతులు కలిసినప్పుడు నొక్కితే, ఫోటోలో చేతులు అప్పటికే విడిపోయి ఉన్నాయి. అంటే నొక్కాక కెమెరా ఒక ఊపిరి తీసుకుంటున్నది. మీటను సగం నొక్కి ముందే సిద్ధం చేసి ఉంచితే ఆ ఊపిరి కాస్త తగ్గింది. మిగిలిన కాస్తకూ దెబ్బ పడకముందే నొక్కాలి. ఆమెకు నవ్వొచ్చింది. తాళం వేసేవాళ్ళెవరైనా దెబ్బ పడ్డాక చెయ్యి ఎత్తుతారా? ఇది తనకు చేతకాకపోతే ఇంకెవరికి చేతవుతుంది?

మర్నాడు మిట్టమధ్యాహ్నం మండపం తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించింది. తక్కువ వెలుతురును కూడా పట్టుకునేలా శ్రీవేద కెమెరాలో అంకె పెంచి ఇచ్చింది. దూరం నుంచి లాగితే చీకటి కాబట్టి జూమ్ ముట్టుకోకుండా తనే దగ్గరికి పోవాలనుకుంది రమామణి. నేరుగా వలయంలోకి నడిచి, తన తావులో, వెనక స్తంభానికి వీపు ఆనించి నిలబడింది.

"అక్కా, మోకాలు!" అంది దేవకమ్మ.

"డాక్టరు ఎగరొద్దన్నాడు, నిలబడొద్దనలేదు. జంటలు కదలకుండా కొట్టే పాట ఉండాదే, అది అందుకో."

పాట మొదలైంది. కోలకు కోల తగిలినప్పుడు రెండూ రెప్పపాటు ఆగుతాయి. దానికి ఒక్క పిసరు ముందు రమామణి నొక్కింది. అందరూ తెర మీదికి వంగి చూసి ఒకటే కేరింతలు. మొహాలు తేటగా ఉన్నాయి, కోలలు తేటగా ఉన్నాయి.

"ఇదే పంపిద్దాం అత్తా" అంది శ్రీవేద.

"దేవకమ్మ కోల చూడు, పొగ మాదిరి ఉండాది. నా జోడీని ఇట్టనా పంపేది?"

నిజమే, అదొక్కటే అలుక్కుపోయింది. తక్కిన కోలలు ఎదుటి కోలకు తగిలి ఆగాయి. ఎదురుగా జోడీ లేని దేవకమ్మ గాలిని కొట్టింది, గాలి ఎవరినీ ఆపదు. రమామణి గుండె కలుక్కుమంది. తను లేని తావు ఫోటోలో ఇంత స్పష్టంగా కనబడుతుందని ఆమె అనుకోలేదు.

"నా కోల యాడ? ఒకటి ఇట్టీండి."

కెమెరా తాడు మెడకు తగిలించుకుని, కెమెరా కదలకుండా, తాడు బిగుసుకునేదాకా దాన్ని ముందుకు చాచి కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచేత్తో కోల ఎత్తింది. దేవకమ్మ వెనక్కి తగ్గింది.

"కెమెరాకు తగిలితే ఎట్లక్కా?"

"ఇరవై ఏండ్లలో నా వేలికి ఒక్క దెబ్బన్నా తగిలించినావా?"

"లేదు."

"ఇప్పుడెందుకు తగిలిస్తావు? కొట్టు."

దేవకమ్మ కొట్టింది. టక్కుమని కోలలు కలిశాయి, రమామణి వేలు అంతకు ముందే దిగింది. ఆ ఫోటోలో దేవకమ్మ జడలోని మల్లెచెండు గాల్లోకి లేచి కనబడుతుంది. వెనక జంటల కోలలన్నీ ఎక్కడివక్కడ కలిసి ఉన్నాయి. ఎడమ మూలన గాజుల చెయ్యి ఒకటి, దేవకమ్మ కోలను అడ్డుకుంటూ.

ఫోటో పంపిన కొన్నాళ్ళకు, అందరూ సాధనలో ఉండగా ఆ గుడి ఉత్సవాలు జరిపించే ఆదిమూలం ఫోన్ చేశాడు. రమామణి అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టింది.

"ఫోటో శానా బాగుండాదమ్మా. స్టూడియోలోళ్ళు తీసినవి గూడా ఇంత తేటగా లేవు. మిమ్మల్నే రమ్మంటున్నాం. మీరు పదహారుమంది అన్నారు గానీ, ఎంచితే పదిహేనుమందే ఉండారు. ఆ పదహారో ఆమె పేరు చెప్తే రాసుకుంటాను."

రమామణి కోడలి వైపు చూసింది. పిల్ల బాగా ఆడుతుంది, వంక పెట్టడానికి లేదు. ఆ పిల్ల పేరు తనే చెప్పాలి, ఇంకొకరు చెప్పేలోగా. గొంతు సవరించుకుని నోరు తెరిచేసరికి దేవకమ్మ ఫోన్ లాక్కుంది.

"సామీ, ఫోటోలో ఎడమ పక్క మూలన సూడు. గాజుల చెయ్యి కనబడతా ఉండాదా?"

"ఆ, ఉండాది."

"నా కోలను ఆపింది ఆ చెయ్యే. ఆమె పేరు రమామణి. ఎగిరే పాటలకు ఆమె కోడలు వస్తాది, నిలబడి కొట్టే పాటకు ఆమే. పదహారో పేరు మాత్రం ఆమెదే రాసుకో."

రమామణి కళ్ళనిండా నీళ్ళు తిరిగితే అందరి ముందరే పైటచెంగుతో ఒత్తుకుంది. ఆమె నోరు మూతబడటం అదే మొదటిసారి అని బృందంలో వాళ్ళు చాన్నాళ్ళపాటు చెప్పుకుని నవ్వుకున్నారు.