ఆపిన బొమ్మలో మిణుకు

వాజిద్ మళ్లీ మానిటర్ తుడిచాడు. ఈసారి గుడ్డ కాస్త తడిపి మరీ తుడిచాడు. తెర తళతళలాడింది గాని కుడివైపున్న నల్లటి చుక్క మాత్రం పోలేదు. గుడ్డ దగ్గరికి రాగానే పక్కకు జరిగింది. ఈగేమోనని అట్టముక్కతో అదిలించాడు. ఈగయితే ఎగిరిపోవాలి. ఇది ఎగరలేదు. నింపాదిగా కిందికి దిగి, అతను చూపు తిప్పితే చూపుతోపాటే తిరిగింది. దుమ్మేలెమ్మని తనకు తానే తీర్పు చెప్పుకుని, కళ్లజోడు తీసి అంగీ కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకుని పనిలో పడ్డాడు.

మహబూబాబాద్‌లో స్టేషన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో పురుషోత్తం నడిపే మిక్సింగ్ సెంటర్ అది. ఫొటోగ్రాఫర్లు తెచ్చిన పెళ్లి వీడియోలను కోసి, అతికించి, రంగులు సరిచేసి, పాటలు కలిపి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తారు. ఇస్తారంటే వాజిద్ ఇస్తాడు, పురుషోత్తం డబ్బు తీసుకుంటాడు. క్యాసెట్ల కాలంలో మీసం రాకముందు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు వాజిద్. క్యాసెట్లు పోయాయి, డీవీడీలు వచ్చి అవీ పోయాయి, నెత్తి మీద జుట్టు పోయింది. మనిషి సన్నం. వంగిన వీపు, కళ్లజోడు నొక్కిన రెండు గుంటలు ముక్కు మీద, కంప్యూటర్ మౌస్ మీద ఆనించి ఆనించి గట్టిపడిన మణికట్టు. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్లద్దాలే.

అతను జిల్లా దాటి పోయింది తక్కువ. కానీ గంగారం అడవి గూడేల నుంచి టేకుమట్ల దాకా, అటు తరిగొప్పుల దాకా అతనికి తెలియని ముఖం లేదు. స్టేషన్‌లో టీ తాగుతుంటే ఎదుటి బెంచీ మీద ఎవరో కూర్చుంటారు. ఆయన తన చెల్లెలి పెళ్లిలో కూర చాలలేదని అలిగి విస్తరి ముందు నుంచి లేచి వెళ్లినవాడని వాజిద్‌కు తెలుసు. ఆ అలక కత్తిరించి పారేసిందీ తనే. వాళ్లకు మాత్రం వాజిద్ ఎవరో తెలియదు. ఒకసారి చనువుగా "మీ పెద్దమ్మ కాలు నొప్పి తగ్గిందా" అని అడిగి, చీవాట్లు తినబోయి తప్పించుకున్నాడు. పెళ్లయి వీడియో చేతికి రాకముందే ఇంట్లో ఎవరైనా పోతే, ఆ మనిషిని ఇంకొంచెం కనపడేలా చెయ్యమని ఏడుస్తూ వస్తారు. అప్పుడు వాజిద్ పనికిరాదని వదిలేసిన ముక్కలన్నీ వెతికి, ఒక మూల విస్తరి ముందు, ఒక మూల ఆవులిస్తూ, ఒక మూల చెప్పులు వెతుక్కుంటూ ఉన్న ఆ మనిషిని ఏరి తెచ్చి పెట్టేవాడు. ఊళ్లవాళ్ల చావులు, పెళ్లిళ్లు ఇంత శ్రద్ధగా చూసినవాడు తన సంగతి చూసుకోలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఎందుకంటే రెండేళ్ల కిందట కంటి శిబిరంలో డాక్టరు అతని కుడికంటిలోకి లైటు వేసి చాలాసేపు చూసి, గట్టిగానే చెప్పాడు. ఇంత మందం అద్దాలు పెట్టుకునేవాళ్లకు కంటి వెనక పొర పల్చబడుతుంది. ఎప్పుడైనా మెరుపులు మెరిసినట్టున్నా, నల్లచుక్కలు తేలినా, తెర దిగినట్టున్నా ఆ రోజే రావాలి, రేపు అనొద్దు, పొర ఊడి మధ్యకు వస్తే చూపు తిరిగి రాదు. వాజిద్ తలూపాడు. బయటికొచ్చి, ఉచితంగా ఇచ్చిన చుక్కల మందు జేబులో వేసుకుని, మాట అక్కడే వదిలేశాడు.

మెరుపులు మొదలై మూడు రోజులయింది. ఇంట్లో మెరిస్తే బల్బు పాడయిందన్నాడు. భార్య సుమయ్యా పాపం కొత్త బల్బు కొని మార్చింది. దుకాణంలో మెరిస్తే ఇన్వర్టర్ మీదికి నెట్టాడు. పాతికేళ్లుగా వెలుతురు తేడా కనిపిస్తే అది వైరుదో, వీడియోదో అయి ఉండటం అతనికి అలవాటు. మనిషికి అలవాటయిన దారిలోనే బుద్ధి నడుస్తుంది.

పది దాటాక ప్రేమ్‌సింగ్ మెట్లెక్కి వచ్చాడు. గంగారం దగ్గరి తండా మనిషి, కిందటి నెలలో కూతురు దీప పెళ్లి చేశాడు. తువాలుతో మెడ తుడుచుకుంటూ, మొన్న ఇక్కడ తీసుకుపోయిన పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

"గిదేంది వాజిద్ భాయ్, గిట్లయింది? బిడ్డ ఏడ్సే కాడ్నే మెరుస్తున్నది. మొకం నల్లగైతది, మళ్లొస్తది. మా యాడి సూసి పిల్లకు ఏమో అయితదని ఒకటే గుబులు. నిన్నటి సంది బువ్వ ముట్టలే."

"మీ ముసలి అమ్మను పరేషాన్ కావద్దని చెప్పన్నా. మెషీన్ల తప్పు గది, పిల్లకేంది?"

"నేను జెప్తె ఇంటదా? మాపటికి వియ్యంకులొస్తున్నరు, టీవీల ఏసి సూపెట్టాలె. గప్పుడు గూడ గట్లనే మెరిస్తె వాళ్లేమనుకుంటరు?"

వాజిద్ కుర్చీ చూపించాడు. ప్రేమ్‌సింగ్ కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

అత్తవారింటికి బయలుదేరే ముందు లంబాడీ పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. దాన్ని ఢావ్లో అంటారు. దీప పాడిన చోటే మిణుకు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే బొమ్మ కడిగిన ముత్యం. అదంతా ఒక్క ఫైలుగా రెండర్ చేసి తెరిస్తే, తల్లి భుజం మీద వాలిన దీప ముఖం ఒక్క రెప్పపాటు నల్లబడి తిరిగి వస్తోంది. వాజిద్ ఆ ముక్క ఒక్కటే మళ్లీ రెండర్ చేశాడు. ఈసారి మిణుకు మేనమామ దగ్గరికి జరిగింది. మిణుకు ఒకేచోట నిలిస్తే తప్పు వీడియోది, చోటు మారితే తప్పు మెషీన్‌ది. ఇది అతను దాచుకున్న రహస్యమేమీ కాదు, కనపడ్డవాళ్లకల్లా చెప్పేవాడు, ఎవరూ వినేవాళ్లు కాదు.

పాత తాత్కాలిక ఫైళ్లు తుడిచేశాడు. ముఖాల మీద వేసిన మెరుగు తీసేశాడు. మిణుకు తగ్గింది, పోలేదు. కొండను తవ్వుతున్నాడు, ఎలుక దొరకడం లేదు. కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెడితే కాలింది. మే నెల ఎండకు గ్రాఫిక్స్ కార్డ్ ఉడికిపోయి ఫ్రేములు మింగుతోందని అర్థమైంది. దాన్ని పక్కన పెట్టి, ఆలస్యమైనా సరే ప్రాసెసర్ ఒక్కదానితోనే రెండర్ చేసేలా మార్చాడు. తెర మీద పని ఎంతయిందో చూపే నీలం గీత చీమలా కదిలింది.

అప్పుడు కుడివైపు, చెవి పక్కగా, ఒక వంకర మెరుపు మెరిసింది.

"పురుషోత్తమన్నా, ట్యూబ్‌లైట్ స్టార్టర్ మార్పియ్యరాదే? పొద్దట్నుంచి కొట్టుకుంటున్నది."

పురుషోత్తం పేపర్లోంచి తలెత్తి పైకి చూశాడు. "ఏందే? ట్యూబ్‌లైట్ బందే ఉన్నది గద. పట్టపగలు ఎయ్యనీకి కరెంటు బిల్లు నువ్వు కడ్తవా?"

వాజిద్ కూడా పైకి చూశాడు. నిజమే, ట్యూబ్‌లైట్ ఆరిపోయి ఉంది. రోడ్డు మీద ఏ బండి అద్దమో మెరిసి ఉంటుందనుకున్నాడు. కిటికీకి పరదా వేసి ఉందన్న సంగతి అతను గమనించలేదు. గమనించకపోవడానికే ప్రయత్నించాడని నాకనిపిస్తుంది.

ముక్క తయారైంది. పెద్ద టీవీకి పెట్టాడు. దీప ఢావ్లో మొదలుపెట్టింది, గొంతు జీరబోయింది, తల్లి ఆమె జడ పట్టుకుంది. ప్రేమ్‌సింగ్ కిటికీ వదిలి ముందుకొచ్చాడు. ముఖాలన్నీ నిలకడగా ఉన్నాయి. ఆయనకు కళ్లు చెమర్చాయి, అది వీడియో బాగుపడ్డందుకా, బిడ్డ గుర్తొచ్చినందుకా చెప్పలేం.

"మంచిగున్నది భాయ్. ఏం లేదు."

"క్లీన్," అన్నాడు పురుషోత్తం.

"లేదు, ఇంకోటి ఉన్నది. కుడిపక్క. ఇగో, మళ్ల కొట్టింది."

"ఏడనే? నాకైతె ఏం కొడ్తలేదు."

వాజిద్ కంటే తమకు బాగా కనిపిస్తుందని ఆ గదిలో ఎవరూ అనలేరు. ఇద్దరూ కుడిపక్కకు కళ్లు చికిలించి చూశారు. ఆ చోటు చూపిద్దామని వాజిద్ వీడియో ఆపాడు. తల్లీకూతుళ్లు మెడలు పట్టుకుని అలాగే నిలిచిపోయారు. అతను చెయ్యి చాపి చూపించబోతుండగా, కదలని ఆ ముఖాల పక్కన మెరుపు మళ్లీ వంకరగా పాకింది.

ఆపిన బొమ్మ మిణుకుమనదు. ఇది అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చాపిన చెయ్యి అలాగే ఉంది. టీవీ ఆపేశాడు. నల్లటి టీవీ ముందు నిలబడి కాచుకున్నాడు. మెరిసింది. అప్పుడు శిబిరం డాక్టరు చెప్పిన ప్రతి మాటా, మూడు రోజులుగా పక్కకు నెట్టినదంతా ఒక్కసారిగా మీద పడింది. ఎడమకన్ను మూసి కుడికంటితో పురుషోత్తం వైపు చూశాడు. తల ఉంది, భుజాలున్నాయి. పొట్ట లేదు. పురుషోత్తం పొట్ట కనపడకుండా పోయేంత చిన్నదేమీ కాదు. అక్కడ బూడిదరంగు నీళ్లేవో నిలిచినట్టున్నాయి.

"ఏమైందే?"

"ఏం లేదన్నా. నాకే అట్ల అనిపించింది."

అప్పుడే లేచి బండి పట్టుకోవాల్సింది. హనుమకొండ పెద్ద కంటి దవాఖానకు రైలెక్కితే గంటన్నర. కానీ సరిచేసింది ఒక్క ముక్కే, పెళ్లంతా రెండర్ కావాలి, దానికి మధ్యాహ్నం తిరిగిపోతుంది. ఆ సెట్టింగులు పురుషోత్తానికి తెలియవు. తండాలో ఒక ముసలామె తిండి మానేసి కూర్చుంది. రెండర్ అయ్యాక పోదాంలే అనుకున్నాడు వాజిద్. చూసేవాళ్లకు అది మంచితనంలా ఉంటుంది. నిజానికి సగం భయం. దవాఖానకు పోనంతసేపు కన్ను పోలేదు కదా అన్న ధైర్యం. అతని మీద కోపం వస్తుంది గాని, ఆ భయం ఎరగనివాళ్లు ఎవరు?

నీలం గీత కదులుతోంది. వాజిద్ తెచ్చుకున్న రొట్టె విప్పలేదు. ప్రేమ్‌సింగ్ కిందికి పోయి ముగ్గురికీ ఛాయ్ తెచ్చాడు. వాజిద్ చేతికిస్తే గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నాడు. వేళ్లు కాలాయన్నట్టు నవ్వాడు. మధ్యమధ్య ఎడమకన్ను మూసి చూస్తున్నాడు. గోడమీది క్యాలెండర్‌లో ముందు తేదీల కింది వరసలు పోయాయి. ఇంకాసేపటికి నెల పేరు మాత్రం మిగిలింది. గీత చివరికి చేరేటప్పటికి ఆ పేరూ లేదు.

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఎడమకంటితో మొదటి నుంచి చివరిదాకా పరుగెత్తించి చూసి ఇచ్చాడు. ప్రేమ్‌సింగ్ రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"మా యాడికి ఫోన్ల జెప్పిన. నువ్వు సల్లగుండాలె భాయ్."

ఆయన మెట్లు దిగాక వాజిద్ సుమయ్యాకు ఫోన్ చేశాడు. ఆమె పక్క వీధి ప్రైవేటు బడిలో ఆయా. బుర్ఖా సర్దుకుంటూ పరుగున వచ్చింది. ఎప్పటి నుంచి అని అడిగింది.

"తీన్ దిన్ సే," అన్నాడు తల దించుకుని.

మూడు రోజులు. సుమయ్యా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "బల్బ్ బదలో బోలే థే తుమ్! మై బదల్ కే బైఠీ!" బల్బు మార్చమన్నావు, నేను మార్చి కూర్చున్నాను అని, అతని మీదో తన మీదో తెలియని కోపంతో ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, బడిలో ఎవరి ఆపరేషన్ గురించో విన్నది గుర్తొచ్చి, తల వంచొద్దంది. వంచితే లోపల ఇంకేమైనా రాలుతుందని ఆమె భయం. వాజిద్ గడ్డం పైకెత్తి, ఆమె చెయ్యి పట్టుకుని, గుమ్మం బయట కాళ్లతో తడుముకుని చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగాడు. పురుషోత్తం పైనుంచి ఆటోను పిలిచాడు. ఏమీ కాదులేవే, రేపటికి వస్తవు అని అరిచాడు.

చీకటి పడుతుండగా ప్రేమ్‌సింగ్ ఫోన్ చేశాడు. వియ్యంకులు చూశారట, ఎక్కడా మెరవలేదట, ముసలామె వాళ్లతోపాటు కూర్చుని రెండు ముద్దలు తిన్నదట. వాజిద్ భాయ్‌కి చెప్పమన్నాడు. పురుషోత్తం చెప్తానన్నాడు. తర్వాత సుమయ్యా చేసింది.

"పొర ఊడి మధ్యలకొచ్చేసిందట అన్నా. పొద్దుగాల తెస్తే సూపు నిలబడుతుండె అన్నరు. ఆపరేషన్ చేస్తరు గాని సూపుకు మాటియ్యలేమన్నరు. రెండో కన్ను గూడ గట్లనే పల్చగున్నదట. ఇగ కంప్యూటర్ ముందల కూసోవద్దన్నరు. ఆయన్కు ఇంక చెప్పలే."

పురుషోత్తం సరేనమ్మా అన్నాడు. కంప్యూటర్ కట్టేసి, తాళం చేతిలో పట్టుకుని బయటికొచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. కుడికాలికి బిగుతుగా తగిలింది. వంగి చూశాడు. రెండూ నల్లవే. ఎడమది తనది. కుడిది వాజిద్‌ది, మడమ ఒకవైపు అరిగిపోయి, బొటనవేలు ఆనిన చోట లోతుగా గుంట పడి ఉంది.