తెల్లమచ్చకు మందు

ఎలిశబెతు చేసిన పొరపాటల్లా సెలవు పెట్టి పుట్టినూరు జువ్వలదిన్నెకు రావడమే. ఆమె హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. మనుషుల్ని పీడించే వైరస్‌ను అణిచే మాత్ర ఒకటి ఆమె చేతిలోనే పుట్టింది. దానికి ముందు ఎన్ని మందులు గాజు గిన్నెల్లోనే చతికిలబడ్డాయో ఆమెకే ఎరుక. పని చేయనిదాన్ని పని చేయదని చెప్పడమే మన ఉద్యోగమని కిందివాళ్ళకు నూరిపోసిన మనిషి. ఆ మాత్ర మింగి బతికినవాళ్ళకు ఆమె పేరు తెలియదు గానీ జువ్వలదిన్నెలో పిల్లా జెల్లా అందరికీ తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తమ్ముడు జడ్సన్ రొయ్యల గుంటలో తెల్లమచ్చ రోగం దిగింది. అదీ వైరసే. తగిలిందంటే రొయ్యలు కుప్పలుగా చస్తాయి, మందు లేదు. మచ్చ కనబడితే ఎవరైనా ఆ పూటే వల దించి, బతికున్నవాటిని వచ్చిన ధరకు అమ్ముకుంటారు. జడ్సన్ దించలేదు. ఎందుకు దించుతాడు? వైరస్ మందు చేసిన అక్క ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే!

"దీనికి లోకంలో యాడా మందు లేదురా. మనుషుల మందు వేరు, ఇది వేరు. వల దించు" అని ఆమె మొత్తుకుంది.

"కంపెనీవాళ్ళు చెప్పొద్దన్నారా ఏంది? తమ్ముడికి చెప్తే ఎవురికి తెలస్తాదక్కా?"

పాస్టరు సమాధానం గారినైనా వాడికి నచ్చజెప్పమంది. ఆయన గట్టు మీద మోకరించి, "ఈ బిడ్డ చేతికి జ్ఞానమిచ్చినావు తండ్రీ, స్తోత్రం" అని ప్రార్థన చేసి పోయాడు. ఆమెకు తల బాదుకోవాలనిపించింది. నిజం చెప్పేకొద్దీ వినయమనుకుంటున్నారు! ఈ పంట పోతే తమ్ముడు గుంట వదులుకోవాల్సిందే. చివరికి ఆమె నోట ఆ మాట వచ్చేసింది.

"సరే, మందు ఉండాది. రొయ్యలుండగా ఎయ్యకూడదు. ముందు పట్టెయ్, తర్వాత నీళ్ళకు ఏస్తా."

"అట్ట చెప్పు మరి! ఇంతసేపు నాన్చినావే!"

వల దిగింది. సగానికి పైగా దక్కింది. రొయ్యల్లేని గుంటలో ఎలిశబెతు నీలం డ్రమ్ముతో బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చల్లింది. నీళ్ళలో మిగిలిన వైరస్ దానికి చస్తుంది, అంతవరకు నిజమే. ఆ వాసన జడ్సన్‌కు తెలియదా? తెలుసు. అక్క అందులో ఏదో కలిపిందనుకున్నాడు, అంతే.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ జడ్సన్ లేచాడు. "మా అక్క తెల్లమచ్చకు మందు కనిపెట్టింది, నా గుంట దక్కింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముందు రొయ్యలు పట్టేసిన సంగతి ఆ సంబరంలో ఎగిరిపోయింది. చాప మీదున్న ఎలిశబెతు లేవబోయింది. లేచి ఏమనాలి? అంతమంది ముందు తమ్ముణ్ణి నవ్వులపాలు చేయాలా? సిగ్గుతో తల దించుకుని కూర్చుంది. అదే కొంప ముంచింది.

వారం తిరక్కముందే పక్క గుంట రైతు పోలేరయ్య వాకిట్లో నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద.

"మచ్చలు మొన్ననే కనబడినాయమ్మా. మీ మందు ఉండాదిగదా అని వల దించలా. వచ్చి ఎయ్యి తల్లీ."

ఎలిశబెతు గబగబా గడప దాకా వచ్చింది. "మందు లేదన్నా! నేను అబద్ధం చెప్పినా. వాడి చేత రొయ్యలు పట్టించేదానికి అట్ట చెప్పినా. నువ్వు పో, ఇప్పుడే వల దించు. మిగిలినవన్నా దక్కుతాయి."

ఈసారి ఒక్క ముక్క దాచలేదు. పోలేరయ్య ఆమె మొహం చూశాడు, మూలనున్న నీలం డ్రమ్ము చూశాడు.

"తోడబుట్టినోడికైతే ఉండాది, మాకైతే లేదు. అంతేగదమ్మా?"

"దేవుడి తోడు అన్నా, పో! పొద్దు పోతాండాది!"

"ఇచ్చిందాకా నేనిక్కణ్ణించి కదల్ను" అని పోలేరయ్య గడపకు అడ్డంగా కూర్చున్నాడు.