ఎర్ర బటన్ నొక్కనన్న బాయిలరక్క

ఆ విద్యుత్ కేంద్రంలో అందరూ ఆమెను బాయిలరక్క అనేవారు. ఇరవై ఆరేళ్లుగా రెండో నంబరు బాయిలర్ ఆమె చేతుల మీదే నడిచింది. అంతకుముందు వాళ్ల నాన్న అక్కడే పారతో బొగ్గు ఎత్తి ఎత్తి, చివరికి దగ్గి దగ్గి పోయాడు. అందుకే బొగ్గు కేంద్రం మూసేస్తారంటే ఆమె కంట తడి పెట్టలేదు. ఎండతో కరెంటు తీస్తామంటే మంచిదేగా అంది. పక్క మైదానంలో సోలార్ పలకలు బిగించే ముఠాకు ఆమె తమ్ముడే మేస్త్రీ.

మూసే రోజు ఉదయం పదిన్నరకు మేనేజరు కొత్త కోటు వేసుకుని కంట్రోల్ రూమ్‌లోకి వచ్చాడు.

"పదకొండింటికి మంత్రిగారు వేదిక మీద బటన్ నొక్కి సోలార్ ప్రారంభిస్తారు. అదే నిమిషంలో నువ్వు ఈ ఎర్ర బటన్ నొక్కాలి. పొగ ఆగిపోవడం టీవీలో కనిపించాలి. కాస్త నవ్వు మొహం పెట్టు."

"నిండు లోడు మీదుందండీ. ఎర్ర బటన్ ప్రమాదమొస్తే నొక్కేది. మెల్లగా దించడానికి నాలుగు గంటలు కావాలి. నిన్ననే రాసిచ్చాను."

"రేపు తుక్కుకి పోయేదానికి ఇంత మర్యాదెందుకు? పగిలితే పగలనీ."

ఆమెకు ఒళ్లు మండింది. "కింద వాల్వుల దగ్గర పన్నెండు మంది ఉన్నారు. మూడేళ్ల కిందట ఇలాగే ఉన్నట్టుండి ఆపితే ఆవిరి గొట్టం చీలి ఫిట్టరు వీపంతా ఉడికిపోయింది. మీరు చూడలేదు. నేను మోశాను."

మేనేజరు తనే బటన్ మీదికి చెయ్యి చాచాడు. ఆమె అరచేత్తో దాన్ని కప్పేసింది.

"చెయ్యి తియ్యండి!" అని అరిచి, మైకు అందుకుంది. "లోడు దించుతున్నాం. ఎవరి చోట్లో వాళ్లుండండి."

ఇంతలో తమ్ముడు రొప్పుకుంటూ వచ్చాడు. "అక్కా, మంత్రిగారు ఎదురుచూస్తున్నారు. ఈ ఒక్కసారికి..."

"ఆయన బటన్ నొక్కితేనే మీ సోలార్ మొదలవుతుందా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "సగం పలకలు రెండు నెలల నుంచీ నడుస్తూనే ఉన్నాయి. ఆ బటన్‌కి వైరే లేదు."

"వైరు లేని బటన్ కోసం నా మనుషుల్ని కాల్చుకోవాలా?"

"కొత్త ప్లాంటులో నీకు చోటుండదు!" అన్నాడు మేనేజరు.

"ఎప్పుడుంది? నలభై అయిదు దాటినవాళ్లని తీసుకోబోమని పోయిన నెలే గోడకి అంటించారుగా. నాకు చదువు రాదనుకున్నారా?"

బయట చప్పట్లు మోగాయి. మంత్రి వెనకాల పొగ గొట్టం దర్జాగా పొగ వదులుతూనే ఉంది. అరగంటకు కార్లన్నీ వెళ్లిపోయాయి. రెండున్నరకు బాయిలర్‌లో ఆఖరి మంట ఆరింది. ఆమె కిందికి దిగి పన్నెండు మందినీ ఒక్కొక్కరినే చూసుకుంది.

తమ్ముడు మంచినీళ్లు అందించాడు. "ఇక కోపం తగ్గించుకో అక్కా."

"తగ్గించుకోను. వీళ్లలో ఎంతమందిని తీసుకుంటారు మీ ప్లాంటులోకి?"

"నా చేతుల్లో ఏముంది?"

"మీ ముఠా పని ఆపడం నీ చేతుల్లో ఉంది."

వాడు మైదానం వైపు నడిచాడు. మర్నాడు ముఠా అంతా స్పానర్లు కింద పెట్టి పలకల నీడన కూర్చుంది. నాలుగో రోజుకు మేనేజరు దిగొచ్చాడు. తొమ్మిది మందిని తీసుకున్నారు. ముగ్గురు పెద్దవాళ్లను వదిలేశారు. బటన్ నొక్కనన్నందుకు బాయిలరక్కకు మెమో ఇచ్చారు.

ఆమె మెమో మడిచి సంచిలో పడేసింది. ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని మళ్లీ మేనేజరు గది తలుపు బాదింది.