రెండిండ్లు, ఒక్క కడుపు

హరిణి ఒక్క దోశె ముక్క నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపింది.

"కడుపు నిండింది మమ్మీ. తమ్ముడు తినేసినట్టున్నడు."

"గా పిల్లగానికి గింత పొద్దుగాల ఏం తినిపిస్తరో ఏమో," అని గొణుక్కుంటూ భాగ్య మిగిలిన దోశెలు తన డబ్బాలో సర్దుకుంది. మధ్యాహ్నం యూనివర్సిటీ లైబ్రరీలో, కౌంటర్ వెనకాల కూర్చుని, ఆ చల్లారిన దోశెలే తినాలి. చాలా రోజులు అంతే.

ఆ తమ్ముడు ఈ ఇంటివాడు కాడు. భాగ్యతో విడాకులయ్యాక భూపాల్ స్నేహలతను పెళ్లి చేసుకున్నాడు. రుత్విక్ పుట్టాక ఆ కాపురమూ నిలవలేదు. హరిణి తల్లితో క్యాంపస్ క్వార్టర్‌లో, వాడు తన తల్లితో సీతాఫల్‌మండిలో పెరుగుతున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. కానీ వాడు పుట్టిన దగ్గర్నుంచీ, ఒకరు తింటే రెండోవాళ్ల కడుపు నిండుతుంది. బళ్లో ఆయాకు తెలుసు, క్వార్టర్లలో అందరికీ తెలుసు. హరిణికి అజీర్తి చేస్తే తార్నాక డాక్టరు "ఈ ఇంట్లో తిన్నదా, ఆ ఇంట్లోదా?" అని అడిగి మరీ మందు రాస్తాడు.

దాన్ని కోర్టు దాకా లాగింది మాత్రం భూపాల్. హరిణి పోషణకు నెలనెలా ఇవ్వమని కోర్టు ఎప్పుడో చెప్పింది. కొన్నాళ్లు ఇచ్చాడు, తర్వాత ఎగ్గొట్టాడు, ఇప్పుడు తగ్గించమని పిటిషన్ వేశాడు. ముందు కూర్చుని మాట్లాడుకుందామని అతని వకీలు రవికాంత్ భాగ్యను తార్నాకలోని తన ఆఫీసుకు పిలిచాడు.

"రెండిండ్లు చూడాలె నేను. నన్నేం చేయమంటవ్ చెప్పు," అన్నాడు భూపాల్, తనకే అన్యాయం జరిగినట్టు. "అయినా పిల్లలకున్నది ఒక్క కడుపే గదా. ఒకరికిస్తే ఇద్దరికీ ఇచ్చినట్టే."

"చెప్పులు గూడ ఇద్దరికీ ఒక్కటే జతనా? ఒకరి ఫీజు కడితే ఇద్దర్నీ క్లాసుల కూసోబెడ్తరా?"

"అలా కాదండీ," అని రవికాంత్ సర్దిచెప్పబోయాడు. "ఆయన మీద ఇంకో బిడ్డ కూడా ఆధారపడి ఉంటే కోర్టు అదీ చూస్తుంది. జీతంలో చాలా భాగం అటే పోతోందట."

భాగ్యకు ఒళ్లు మండింది. భూపాల్ మీద కంటే, తనెన్నడూ చూడని స్నేహలత మీద. దారి పొడుగునా ఆమెనే తిట్టుకుంటూ ఇంటికి నడిచింది.

ఆ వారమే హరిణికి ఆకలి పట్టుకుంది. అన్నం తిన్నది, రొట్టెలు తిన్నది, పక్కింటివాళ్లిచ్చిన ఉప్మా కూడా తిన్నది. "ఇంకా ఆకలైతుంది," అంటూనే ఉంది. పెట్టిందంతా ఎటు పోతోందో భాగ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. అక్కడ ఆ పిల్లవాడికి ఎవరూ సరిగ్గా పెట్టడం లేదు.

"ఇది గూడ నా నెత్తి మీదనేనా," అనుకుంటూనే డబ్బా నిండా పప్పన్నం కలిపి, హరిణిని పక్కింట్లో కూర్చోబెట్టి, పిటిషన్ కాగితాల్లో ఉన్న స్నేహలత అడ్రస్ పట్టుకుని ఆటో ఎక్కింది.

సీతాఫల్‌మండిలో తలుపు తీసింది రుత్వికే. చేతిలో బిస్కెట్ ప్యాకెట్. లోపల స్నేహలత జ్వరంతో లేవలేక పడి ఉంది.

"హరిణి వాళ్ల మమ్మీ గదా మీరు," అంది డబ్బా వైపు చూసి నీరసంగా. "వాళ్ల డాడీకి ఫోన్ చేసిన అక్కా. జీతమంత కోర్టు మీకే కట్టిస్తున్నదట. హాస్పిటల్‌కు గూడ ఏం లేదన్నడు."

భాగ్య డబ్బా కింద పెట్టింది. "నాకైతే అంత నీకే పోతున్నదని చెప్పిండు," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. భాగ్య పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టింది. డబ్బా అడుగు కనిపించేసరికి ఫోన్ మోగింది. పక్కింటివాళ్ల ఫోన్‌లో హరిణి.

"చాలు మమ్మీ. ఇంక పెట్టకు."

జ్వరం తగ్గేదాకా అని విసుక్కుంటూనే తల్లీకొడుకుల్ని క్వార్టర్‌కు తీసుకొచ్చింది. జ్వరం తగ్గింది. కానీ అక్కడ అద్దె బాకీ పడి ఇంటి ఓనరు వేరేవాళ్లను చూసుకున్నాడు. స్నేహలత వెళ్తానని సంచి సర్దినప్పుడల్లా భాగ్య కసురుకుంది. "ఎక్కడికి పోతవు? కూసో."

ఇరుకు ఇంట్లో బాత్రూమ్ దగ్గర రోజూ గొడవే. పిల్లలు ఒక్క దిండు కోసం కొట్టుకునేవారు. ఇద్దరూ ఒకేసారి కూర్చుని తింటుంటే వాళ్ల కడుపుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

వాయిదా రోజు బడికి సెలవు. రుత్విక్ పోషణకు స్నేహలత రాసిన అర్జీ పట్టుకుని నలుగురూ కలిసే ఫ్యామిలీ కోర్టుకు వెళ్లారు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చోవడం చూసి భూపాల్ మొహం పాలిపోయింది. అయినా అనుకున్నదే చెప్పాడు. రెండిళ్లు, చాలని జీతం, ఒక్క కడుపు.

జడ్జిగారు భాగ్యను అడ్రస్ అడిగారు. తర్వాత స్నేహలతను అడిగారు. రెండుసార్లూ అదే క్వార్టర్ నంబరు వినబడింది.

"రెండిళ్లెక్కడయ్యా?" అన్నారు జడ్జిగారు. "సరే, ఎవరింటికి ఎంత పంపావో చెప్పు."

భూపాల్ వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాల వైపు చూశాడు.

అప్పుడే రుత్విక్ అరటిపండు తినడం ముగించి తొక్క తల్లి చేతికిచ్చాడు. హరిణి వాడినే చూస్తూ కూర్చుంది.

"మమ్మీ, నాకు?"

"తమ్ముడు తిన్నడు గదా," అంది భాగ్య అలవాటుగా.

"వాడు తిన్నడు. నాకు ఆకలైతుంది."

ఒక్క కడుపు రెండెప్పుడైందని హాల్లో ఎవరూ అడగలేదు. జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని, హరిణి వైపోసారి, భూపాల్ వైపోసారి చూసి, పెన్ను తీశారు. ఇద్దరు పిల్లలకు వేరువేరుగా, జీతంలోంచి నేరుగా కట్టాలని రాశారు.

బయటికొచ్చాక క్యాంటీన్‌లో భాగ్య ఇడ్లీలు తీసుకుంది. పిల్లలిద్దరూ పోటీపడి తింటూ, చట్నీ ఒకరి మీద ఒకరు ఒలకబోసుకుంటూ, ఇంకా కావాలన్నారు.

"ఇగ ఇద్దరికీ వండుకుంట సావాలె," అంది భాగ్య తల పట్టుకుని.

స్నేహలత తన ప్లేటు ఆమె వైపు జరిపింది. "పొద్దున్నుంచి మీరేం తినలే అక్కా."

భాగ్య ఇడ్లీ తుంచుకుంది. అది వేడిగా ఉంది.